వేరుశనగ గింజను మారుస్తారట! ఎవరి కోసం?

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, దానికి పెట్టిన పేరు కమల. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. జన్యు సవరణతో, అంటే జీన్ ఎడిటింగ్‌తో మన దేశంలో తయారైన మొదటి వరి రకాలు ఇవే. ఈ మాట పత్రికలన్నీ రాశాయి గానీ మనకు బాగా దగ్గరి సంగతి ఒకటి ఎక్కువమంది గమనించినట్లు లేదు. ఆ రెండు రకాల తల్లులూ మన నేలలో పుట్టినవే. కమలకు మూలం బాపట్ల సాంబ మసూరి. పూసా రకానికి మూలం మారుటేరు కాటన్‌దొర సన్నాలు. కమలను తయారు చేసింది కూడా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థే.

వరి తర్వాత వంతు నూనెగింజలది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం నూనెగింజల జాతీయ మిషన్‌ను ఆమోదించి 10,103 కోట్ల రూపాయలు కేటాయించింది. 2022-23లో 390 లక్షల టన్నులున్న నూనెగింజల ఉత్పత్తిని 2030-31 నాటికి 697 లక్షల టన్నులకు చేర్చాలన్నది దాని లక్ష్యం. మేలైన విత్తనం కోసం జన్యు సవరణ వంటి కొత్త పద్ధతులు వాడతామని ఆ ప్రకటనలోనే చెప్పారు. కారణం తెలిసిందే. ఆ మిషన్ నాటి లెక్కల ప్రకారం దేశం వాడే వంటనూనెలో 57 శాతం బయటి దేశాల నుంచే వస్తోంది. మన హాస్టల్ వంటగదిలో పప్పుకు పోపు పెట్టే పామాయిల్ కూడా ఏ ఇండోనేషియా తోటలోనో పుట్టి ఓడెక్కి వచ్చినదే కావచ్చు.

ఈ విషయం మీద ఎక్కడ చర్చ జరిగినా ఒకే ప్రశ్న వినిపిస్తుంది. అలాంటి గింజలు తింటే ప్రమాదమా, కాదా? అది అడగాల్సిన ప్రశ్నే. కాని దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నా అభిప్రాయం. గింజలో ఏ గుణాన్ని మారుస్తున్నారు? ఆ గుణం కావాలని అడిగింది ఎవరు? దీనికి నేను వేరుశనగనే ఉదాహరణగా తీసుకుంటాను. అనంతపురం వాళ్లకు చెనక్కాయ, పాలమూరు వాళ్లకు పల్లికాయ. పేరు ఏదైనా మనలో చాలామంది తల్లిదండ్రులు దాన్ని విత్తినవాళ్లో, పీకినవాళ్లో, కూర్చుని ఒలిచినవాళ్లో అయి ఉంటారు.

బైపీసీ వాళ్లకు తెలిసినదే అయినా మిగతా మిత్రుల కోసం రెండు మాటలు చెప్పాలి. మొక్క ప్రతి కణంలోనూ దాని గుణాలన్నీ రాసి ఉన్న పెద్ద పుస్తకం ఒకటి ఉంటుందనుకోండి. జన్యు మార్పిడి అంటే వేరే పుస్తకంలోని పేజీని తెచ్చి ఇందులో అతికించడం. బీటీ పత్తిలో జరిగింది అదే. నేలలో బతికే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. జన్యు సవరణలో చాలాసార్లు చివరికి బయటి పేజీ ఏదీ మిగలదు. ఉన్న పేజీలోనే ఒకటి రెండు అక్షరాలు చెరిపేస్తారు. దాంతో ఆ మాటకు అర్థం పోతుంది, ఆ జన్యువు చేసే పని ఆగిపోతుంది. సరిగ్గా కావలసిన అక్షరం దగ్గరికే వెళ్లి కోసే పనిముట్టు పేరు క్రిస్పర్. బాక్టీరియాలు తమ మీద దాడి చేసే వైరస్‌లను ముక్కలు చేయడానికి వాడే ఆయుధమే ఇది. దీన్ని మనిషి చేతి పనిముట్టుగా ఎలా మార్చవచ్చో ఇమ్మాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు మహిళలు 2012లో చూపించారు. 2020లో వారికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పనిముట్టును మొక్కలోకి పంపడానికి మొదట బయటి జన్యువులనే వాడుతుంటారు. పని అయ్యాక తర్వాతి తరాల మొక్కల్లో అవి లేనివాటిని ఏరుకుంటారు. అందుకే దీన్ని బీటీతో సమానంగా చూడనక్కర లేదని శాస్త్రజ్ఞులు వాదిస్తారు.

మన ప్రభుత్వమూ ఆ వాదననే ఒప్పుకుంది. 2022 మార్చి 30న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటి జన్యువు మిగలని సవరణ పంటలకు 1989 నాటి జన్యు మార్పిడి నిబంధనల్లో ముఖ్యమైన వాటి నుంచి మినహాయింపు దొరికింది. అదే ఏడాది అక్టోబరులో అనుమతి పొందిన జన్యు మార్పిడి ఆవాలు డీఎంహెచ్-11 మాత్రం కోర్టులో చిక్కుకుంది. 2024 జూలైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ దాని మీద చెరొక తీర్పు ఇచ్చారు. అంటే ఒక దారిలో పెద్ద గేటు, రెండో దారిలో తెరిచిన తలుపు. పరిశోధన తలుపు తెరిచిన వైపే నడుస్తుంది, అది సహజం.

ఇక వేరుశనగలోకి వద్దాం. ఈ గింజ నూనెలో ప్రధానంగా రెండు కొవ్వు ఆమ్లాలుంటాయి, ఓలిక్, లినోలిక్. మామూలు రకాల్లో ఓలిక్ ఆమ్లం దాదాపు సగం. ఎఫ్ఏడీ2 అనే జన్యువు ఓలిక్‌ను లినోలిక్‌గా మారుస్తుంది. ఆ జన్యువు పని ఆపేస్తే ఓలిక్ 80 శాతం దాకా పెరుగుతుంది. లినోలిక్ గాలి తగిలితే త్వరగా పాడవుతుంది, ఓలిక్ నిలుస్తుంది. కాబట్టి ఓలిక్ ఎక్కువున్న గింజ ముక్కవాసన పట్టకుండా చాలా కాలం ఆగుతుంది. గుండెకు కూడా మంచిదంటారు. చిక్కు ఎక్కడంటే వేరుశనగ నిజానికి రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క. అందుకని ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఉంటుంది. రెండింటినీ చెడగొట్టాలి, ఒక్కటి మిగిలినా పూర్తి ఫలితం రాదు. ఆ రెండు అడవి జాతుల జన్యుపటం 2016లోనూ, సాగు వేరుశనగ జన్యుపటం 2019లోనూ వెలువడ్డాయి. ఆ పనిలో మన పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు.

2019లోనే ఎఫ్ఏడీ2 జన్యువులను క్రిస్పర్‌తో కోయవచ్చని వేరుశనగ కణాల్లో, వేళ్లలో చేసి చూపించిన ఒక పరిశోధన వెలువడింది. అందులో అమెరికాలోని టస్కెగీ విశ్వవిద్యాలయం వారు ఉన్నారు. ఈ పేరు దగ్గర కాసేపు ఆగాలి. అది నల్లజాతి పిల్లల చదువు కోసం పుట్టిన విద్యాసంస్థ. బానిస తల్లికి పుట్టిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896లో అక్కడ అధ్యాపకుడిగా చేరి 1943లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఏటేటా పత్తే వేసి సారం పోయిన నేలల్లో వేరుశనగ వేయండి, నేలకు నత్రజని చేరుతుంది, ఇంట్లోకి తిండి వస్తుంది అని నల్లజాతి కౌలు రైతులకు చెప్పాడు. 1916లో ఆయన రాసిన చిన్న పుస్తకంలో వేరుశనగ పెంచడం ఎలాగో, దాన్ని 105 విధాలుగా వండుకోవడం ఎలాగో ఉంది. (పల్లీ వెన్నను ఆయనే కనిపెట్టాడని మన జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో కనబడుతుంది, అది నిజం కాదు. ఆ అబద్ధం లేకపోయినా ఆయన గొప్పతనానికి లోటు లేదు.) కార్వర్ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. ముందు కౌలుదారు పొలం దగ్గరికి వెళ్లి వాడి కష్టమేమిటో చూశాడు, ఆ తర్వాతే ప్రయోగశాలలోకి వెళ్లాడు. ఇప్పుడు మనం అడుగుతున్నదీ అంతే.

ఓలిక్ ఎక్కువున్న గింజ కావాలని ఎవరు అడిగారు? పొలంలో ఉన్నవాళ్లు కాదు. వేయించిన పల్లీలు, బిస్కెట్లు, చాక్లెట్లు నెలల తరబడి దుకాణంలో ఉంచి అమ్మే కంపెనీలు అడిగాయి. నూనెను మళ్లీ మళ్లీ కాచే పెద్ద హోటళ్లు అడిగాయి. ఆ గుణం పనికిరానిదని నేననను. ముక్కవాసన పట్టని పల్లీ పట్టీ మన చేతికి వస్తే మనకూ సంతోషమే. కాని ఆ గుణానికి జన్యు సవరణ తప్పనిసరి కూడా కాదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 1987లోనే ప్రకృతిలో తనంతట తానుగా ఆ మార్పు వచ్చిన వేరుశనగను గుర్తించారు. దాని సంతతిని మామూలు సంకరంతోనే మన రకాలకు కలిపి ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి గిర్నార్-4, గిర్నార్-5 అనే రకాలు తెచ్చాయి. వాటిలో ఓలిక్ 80 శాతం దగ్గరలో ఉంటుంది. కొత్త పనిముట్టు చేతికి వచ్చిందని ఇదివరకే తీరిన పని మళ్లీ చేస్తే లాభమెవరికి? ఏ మార్కెట్ యార్డులోనైనా కాయల్ని గుప్పెట్లోకి తీసుకుని, గింజ నిండుదనం, తేమ చూసి ధర కడతారు. ఓలిక్ శాతం చూసి క్వింటాలుకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చే వ్యాపారి ఉంటే వాడికి దండం పెట్టాలి.

అమెరికాలో దీనికి ఒక పాఠం ఉంది. సోయా చిక్కుడులో ఇదే జన్యువును సవరించి కాలిక్స్ట్ అనే కంపెనీ 2019లో కాలినో పేరుతో నూనె అమ్మకానికి పెట్టింది. జన్యు సవరణ పంట నుంచి అక్కడ మార్కెట్‌లోకి వచ్చిన మొదటి వంటనూనె అది. ఎంతో ఆర్భాటం జరిగింది. 2023లో ఆ కంపెనీయే వెళ్లి మరో కంపెనీలో కలిసిపోయింది. గింజ బాగున్నంత మాత్రాన వ్యాపారం నిలవదు. వ్యాపారాన్ని నమ్ముకున్న రైతు గతి మాత్రం ఆ వార్తల్లో ఎక్కడా కనబడదు.

మరి పొలంలో ఉన్నవాళ్లను అడిగితే ఏమంటారు? మొదటిది కోత కాలపు వాన. మన దగ్గర ఎక్కువగా వేసే గుత్తి రకాల గింజకు నిద్ర ఉండదు. వ్యవసాయ శాస్త్రంలో దీన్ని విత్తన నిద్రావస్థ అంటారు. పక్వానికి వచ్చిన గింజ కొన్నాళ్లు మొలకెత్తకుండా ఆగడమన్నమాట. అది లేని రకాల్లో కాయ ముదిరి పీకడానికి సిద్ధంగా ఉన్న సమయంలో వరుసగా నాలుగు రోజులు వాన పడితే గింజ భూమిలోనే మొలకేస్తుంది. పంటకాలమంతా ఏ వాన కోసం మొగం మొత్తి చూశారో ఆ వానే చివర్లో వచ్చి కొంప ముంచుతుంది. రైతుకు పంట పోతుంది, కౌలు మాత్రం కట్టాల్సిందే. పీకే కూలీలకు పని పోతుంది, బస్తాకింత అని మాట్లాడుకున్న కూలి పోతుంది. కూలి పోయిన కుటుంబానికి నష్టపరిహారం జాబితాలో చోటు ఉండదు. ఆ నష్టాన్ని రాసే గడి ఏ ఫారంలోనూ లేదు.

గింజకు రెండు మూడు వారాల నిద్ర ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఇది జన్యు సవరణతో అసాధ్యమేమీ కాదు. జపాన్‌లో గోధుమ కోతకూ వానలకూ ఇలాగే తంటా. 2019లో అక్కడి శాస్త్రజ్ఞులు గోధుమలో క్యూఎస్‌డీ1 అనే జన్యువును క్రిస్పర్‌తో ఆపి గింజ నిద్రను పెంచారు. గోధుమలో ఆ జన్యువుకు మూడు ప్రతులు, మూడింటినీ ఆపారు. మూడు ప్రతుల గోధుమలో చేయగలిగినప్పుడు రెండు ప్రతుల వేరుశనగలో అలాంటి జన్యువును వెతికే పని ఎందుకు ముందు వరుసలో ఉండకూడదు? మొక్కకు మొక్కకు జన్యువులు తేడా ఉంటాయి, ప్రయోగశాలలో కణం నుంచి వేరుశనగ మొక్కను లేపడం కష్టం, ఒప్పుకుంటాను. ఎఫ్ఏడీ2 విషయంలోనూ ఆ కష్టం అంతే ఉంది గదా!

రెండోది బూజు విషం. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్ద సంగతి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నేలలో ఉంటుంది. పంట చివరి దశలో బెట్ట వస్తే, కాయ పగిలితే, తేమ ఆరకుండా బస్తాలకెత్తితే అది గింజలో చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఒలవడం తేలికవుతుందని కాయల్ని నీళ్లతో తడిపే అలవాటు దాన్ని ఇంకా పెంచుతుంది. ఈ విషం కాలేయ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. నూనె తీస్తే ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క తిన్న గేదె పాలలోకి కూడా కొంత దిగుతుంది.

1960లో ఇంగ్లండులో బ్రెజిల్ వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చినప్పుడు ప్రపంచానికి ఈ విషం సంగతి తెలిసింది. మనుషుల సంగతి మన దేశంలోనే జరిగింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు వెళ్లి కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. ఆ జొన్న బూజు పట్టిందని తిన్నవాళ్లకు కనబడకనా? ఇంట్లో ఇంకో గింజ లేక తిన్నారు.

ఐరోపా దేశాలు నేరుగా తినే పల్లీల్లో ఈ విషం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఓడను వెనక్కి పంపుతాయి. మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు 10. హద్దు ఎంతన్నది ఒక సంగతైతే, దాటిన గింజ ఎటు పోతుందన్నది మరో సంగతి. దాన్ని తగలబెట్టిన వ్యాపారిని నేనింతవరకు వినలేదు. ముడుచుకున్న గింజ, పగులు గింజ, రంగు మారిన గింజ వేరే బస్తాలోకి పోతాయి. ఆ బస్తాకు తక్కువ ధర. తక్కువ ధరకు కొనేవాళ్లెవరో, తక్కువ టెండరు వేసి సరఫరా చేసే తినుబండారాల్లోకి అలాంటి గింజ రాకుండా ఆపేదెవరో ఆలోచించండి. యాసంగిలో నీటి కింద పండే పాలమూరు, వనపర్తి పల్లీకి ఈ బెడద తక్కువని మంచి పేరు. వానాకాలపు మెట్ట పంటకే ముప్పు ఎక్కువ. అంటే నీళ్లు లేని పొలం వాడికే, వాడి గింజ తినేవాడికే విషం కూడా.

దీనికి మందు వెతకలేదా అంటే వెతికారు. 2017లో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు బూజును అడ్డుకునే జన్యువులు కొన్ని పెట్టి, బూజు విషం తయారు చేయకుండా ఆపే ఏర్పాటు మరొకటి పెట్టి వేరుశనగను తయారు చేశారు. ఫలితాలు చాలా బాగున్నాయని వారే ప్రకటించారు. కాని అది జన్యు మార్పిడి, పెద్ద గేటున్న దారి. రైతు చేతికి రాలేదు. తెరిచిన తలుపు వైపు చూస్తే అక్కడ ఓలిక్ నిలబడి ఉంది. నేను గమనించినది ఇదే. జన్యు సవరణలో ఒక గుణాన్ని తీసేయడం తేలిక, కొత్త గుణాన్ని చేర్చడం కష్టం. బెట్టను తట్టుకోవడం, బూజును అడ్డుకోవడం ఒక్క జన్యువు చేతిలో ఉండవు. నూనె గుణం ఒక జంట జన్యువుల చేతిలో ఉంటుంది. అందుకని ఎవరూ కుట్ర పన్నకపోయినా పని తనంతట తానే ఫ్యాక్టరీకి కావలసిన గుణాల వైపు ఒరుగుతుంది. దాన్ని ఇటు వంచాలంటే ఎవరో ఒకరు గట్టిగా అడగాలి.

అడిగితే జరుగుతుందనడానికి ఆవాలే సాక్ష్యం. ఆవ చెక్కలో ఘాటు పదార్థాలు ఎక్కువై పశువులకు, కోళ్లకు పెట్టడం కష్టంగా ఉండేది. ఘాటు పూర్తిగా తీసేస్తే మొక్కకు పురుగుల నుంచి రక్షణ పోతుంది. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థ వారు 2023లో ఒక ఉపాయం చూపించారు. ఘాటును ఆకు నుంచి గింజకు మోసుకుపోయే జన్యువుల్ని క్రిస్పర్‌తో ఆపారు. వరుణ అనే రకంలో అలాంటివి 12 ఉంటే 10 సవరించారు. గింజలో ఘాటు తగ్గింది, ఆకులో రక్షణ నిలిచింది. పురుగు మందు ఖర్చు రైతు మీద పడకూడదన్న ఆలోచన ఆ ప్రయోగం మొదట్లోనే ఉండబట్టి అలా వచ్చింది. ఇది ప్రభుత్వ సంస్థ పని అన్నది గమనించాలి.

ఇక విత్తనం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న. ఇందులో వేరుశనగకు ఒక అదృష్టం ఉంది. పత్తి హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాల్సిందే. బీటీ పత్తి 2002లో వచ్చినప్పుడు 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైగా అమ్మారు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ దాకా వెళ్లి పోట్లాడితే అది 750కి దిగింది. ఆ మధ్య నాలుగేళ్లలో అప్పులపాలైన ఇళ్లు మనకు తెలియనివి కావు. వేరుశనగ అలా కాదు. తన పువ్వులో తానే పరాగ సంపర్కం చేసుకుంటుంది. పండిన గింజ మళ్లీ వేసుకున్నా గుణం మారదు. ఎకరాకు 60 కిలోలకు తక్కువ కాకుండా గింజ కావాలి. వరి విత్తనం ఒకటికి 80 వంతులయితే వేరుశనగ ఒకటికి 8 వంతులే అవుతుంది. ఇంత బరువు మోసి, ఇంత తక్కువ పెరిగే, రైతు ఇంట్లోనే దాచుకోగల విత్తనంలో కంపెనీలకు లాభం కనబడదు. కాబట్టి సవరించిన వేరుశనగ ఏదైనా వస్తే కదిరి వంటి పరిశోధన కేంద్రాల నుంచో, రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన సంస్థ నుంచో, జునాగఢ్ నుంచో రావాలి. 2001 నాటి రైతు హక్కుల చట్టం పండిన గింజను దాచుకునే, వేసుకునే, మార్చుకునే హక్కును రైతుకు ఇచ్చింది. సవరణ విత్తనానికీ అదే వర్తించాలి, అందులో మెలిక పెట్టకూడదు.

మెలిక పనిముట్టు దగ్గరే ఉంది. క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ప్రయోగం చేసుకోవడానికి పెద్ద అడ్డు లేకపోయినా అమ్మకం దగ్గరికి వచ్చేసరికి అనుమతులు, రుసుములు ముందుకు వస్తాయి. అందుకే కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ వారు టీఎన్‌పీబీ అనే మరో చిన్న పనిముట్టును మొక్కలకు పనికొచ్చేలా తీర్చిదిద్దడం నాకు కమల కంటే పెద్ద వార్తగా తోస్తుంది. దానికి 2025లో మన దేశపు పేటెంటు కూడా వచ్చింది. ఇంటి కొడవలి ఉంటే కోతకు పక్క ఊరి కొడవలి అద్దెకు తెచ్చుకోనక్కర లేదు గదా.

అసలు ఈ సవరణే వద్దు, పాత విత్తనమే మేలు అనే మిత్రులున్నారు. వాళ్లు చెప్పే భయాల్లో కొన్ని నిజమైనవే. కోయాల్సిన చోట కాక వేరే చోట కూడా కోత పడవచ్చు. మినహాయింపు పేరుతో పరీక్షలు తగ్గిస్తే అది బయటపడదు. కమల, పూసా రకాల పరీక్షల లెక్కలు సరిగా లేవని 2025లోనే కొన్ని పౌర సంఘాలు ఆరోపించాయి, పరిశోధన మండలి కాదంది. ఆ లెక్కలన్నీ ఊరూరా చదువుకునేలా తెలుగులో పెడితే సగం గొడవ తీరిపోయేది. కాని పాత విత్తనమే మేలన్న మాట నాకు రుచించదు. ఆ పాత విత్తనంతోనే మన అమ్మానాన్నలు వలసపోయారు. మన పెద్దలు బడి, బావి, చెప్పుల విషయంలో పాతదే మేలనుకుని ఉంటే మనం ఈ సంచికలో రాసేవాళ్లం కాదు.

అలాగని విత్తనమొక్కటే అన్నీ తీరుస్తుందనే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 1918లో బాబాసాహెబ్ అంబేద్కర్ మన దేశంలోని చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదవడమే వ్యవసాయ దుస్థితికి కారణమని అందరూ అంటున్న రోజుల్లో, కమతం చిన్నదా పెద్దదా అని కొలిస్తే చాలదు, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు ఎంత, ఎంతమంది దాని మీద ఆధారపడి ఉన్నారన్నది చూడాలని ఆయన వాదించారు. విత్తనానికీ అదే కొలత. నిద్ర ఉన్న గింజ వచ్చినా ఆరబెట్టుకోవడానికి కల్లం, కప్పుకోవడానికి టార్పాలిన్ లేని కౌలు రైతు ఇంట్లో బూజు పడుతుంది. పేరు పట్టాదారు పుస్తకంలో లేని కారణంగా రాయితీ విత్తనం అందని వాడికి ఏ రకం విడుదలైతే ఏమిటి?

మనవాళ్లు ఈ పరిశోధనల్లో ఎక్కడున్నారన్నది నన్ను వేధించే ప్రశ్న. మన హాస్టళ్లలో ఇంటర్ బైపీసీ తీసుకున్నవాళ్లు మెడిసిన్ రాకపోతే డిగ్రీ, లేదా కానిస్టేబుల్ నోటిఫికేషన్ అనుకుంటారు. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా ఉందని, దాని నుంచి బీఎస్సీ వ్యవసాయంలోకి దారి ఉందని చెప్పేవాళ్లు తక్కువ. బీఎస్సీ వ్యవసాయంలో రైతుల పిల్లల కోటా ఉంది, అది మంచిదే. అయితే దానికి తల్లిదండ్రుల పేరు మీద భూమి ఉన్నట్లు కాగితం కావాలి. ముప్పై ఏళ్లు ఇతరుల చేలో వేరుశనగ పీకిన తల్లి బిడ్డ ఆ కోటాలో రైతు బిడ్డ కాదు. 2025లో తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం వ్యవసాయ కూలీల పిల్లలకు కొన్ని సీట్లు కేటాయిస్తున్నట్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా అలాంటి ఏర్పాటు కావాలని మన విద్యార్థి సంఘాలు అడగాలి.

ఈ లోగా చేయగలిగిన పని ఒకటుంది. వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో కిసాన్ మేళాలు జరుగుతుంటాయి. కొత్త రకాల పక్కన బోర్డు పెట్టి దిగుబడి ఎంత, నూనె శాతం ఎంత, పంటకాలం ఎంత అని రాస్తారు. ఈసారి మన సైన్సు విద్యార్థులు పదిమంది వెళ్లి ఆ బోర్డు దగ్గర నిలబడి అడగండి. సార్, ఈ గింజకు నిద్ర ఎన్ని రోజులు? చివరి బెట్టలో బూజు ఎంత పట్టింది, కొలిచారా? కాయ ఒలవడానికి ఒక మనిషికి గంటకు ఎన్ని కిలోలు వస్తుంది? జవాబులు రాసుకుని వస్తే వచ్చే సంచికలో వేద్దాం.